బాపు చెవులకు నేను పెట్టిన పరీక్ష

పోయిన నెల జగిత్యాలలో షుగరు డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే, ఆవిడ నా కుడికాలి చెప్పు విప్పించి, సొరుగులోంచి పొడుగాటి ఉక్కు శృతిదండం ఒకటి తీసింది. అరచేతి అంచుకు కొట్టి, దాని కాడను నా బొటనవేలి ఎముక మీద నిలబెట్టింది. “వణుకు తెలుస్తుందా అమ్మా? ఆగినప్పుడు చెప్పండి” అంది. ముప్పై ఏళ్లకు పైగా బడిపిల్లలకు ఆ దండం గురించి పాఠం చెప్పినదాన్ని, నా చూపు వేలి మీద ఎందుకుంటుంది? దాని రెండు కొమ్ముల మీదే ఉంది. కొమ్ముల అంచులు మసకగా ఉన్నంతసేపూ ఊరుకుని, అవి తేటపడగానే “ఆగింది” అన్నాను. ఆవిడ నవ్వింది. “మీరు చూసి చెప్తున్నారు. కళ్లు మూసుకుని చెప్పండి” అంది. మూసుకున్నాను. ఆవిడ దాన్ని ఎప్పుడు పెట్టిందో, ఎప్పుడు తీసిందో నాకు తెలియలేదు. కాలి నరాలు మొద్దుబారుతున్నాయనీ, ఉత్తకాళ్లతో నడవొద్దనీ చెప్పి మందులు రాసిచ్చింది.

ఇంటికి వచ్చాక కాలి గురించి దిగులు పడాల్సింది. అది పడలేదు. కళ్లు మూసుకోమన్న మాటే బుర్రలో తిరిగింది. నేను కూడా ఒకప్పుడు ఒక మనిషిని గోడవైపు తిప్పి కూర్చోబెట్టి, అలాంటి దండంతోనే పరీక్ష పెట్టాను. నాకప్పుడు పదిహేనేళ్లుంటాయి. ఆ మనిషి మా నాన్న. నా చిన్నతనం గురించి ఇదివరకు చాలా రాశాను, మా ఇంటి పచ్చళ్ల గురించి కూడా రాశాను. ఈ సంగతి మాత్రం రాయకుండా తప్పించుకు తిరిగాను.

మాది సిరిసిల్ల. ఇంట్లో అమ్మను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ పిలిచేదాన్ని. బాపు కుర్రతనంలో భీవండి పోయి మరమగ్గాల పని నేర్చుకున్నాడు. మరమగ్గాన్ని మా దగ్గర సాంచ అంటారు. నేను అక్షరాలు దిద్దే వయసులో ఆయన తిరిగి వచ్చి, ఊళ్లో అప్పుడప్పుడే వెలుస్తున్న సాంచల షెడ్లలో ఒకదాంట్లో కుదిరాడు. రేకుల కప్పు కింద ఎనిమిది సాంచలు. చేతిమగ్గం మీదైతే నూలుకండె పెట్టిన నాడెను మనిషి తన చేతితో అటూ ఇటూ ఆడిస్తాడు. సాంచ మీద దాన్ని ఒక కర్ర కొట్టి పంపుతుంది. అవతలి కర్ర కొట్టి తిప్పి పంపుతుంది. ఎనిమిది సాంచల మీద ఆ దెబ్బలన్నీ కలిస్తే, వాకిట్లో నిలబడ్డవాళ్ల పళ్లు కూడా అదిరేవి. మధ్యాహ్నం బాపుకు రొట్టె తీసుకుపోయే పని నాది. జొన్నరొట్టె బట్టలో చుట్టి, పచ్చిపులుసు గిన్నె మీద మూత బిగించి అవ్వ ఇచ్చేది. షెడ్డు గుమ్మంలో అడుగు పెడితే మిషను నూనె, పులిసిన గంజి కలిసిన వాసన ముక్కుకు తగిలేది. బాపు కనురెప్పల మీద, చెవుల మీది వెంట్రుకల మీద తెల్లటి నూగు పేరుకుని ఉండేది. ఆ నూగు దులపకుండానే రొట్టె తినేవాడు.

షెడ్డులో ఎవరూ నోరు తెరిచి అరిచేవాళ్లు కాదు, అరిచినా లాభం లేదు. పెదాలు కదిపేవాళ్లు, చేతులతో చెప్పేవాళ్లు. గుప్పిట విప్పి మూస్తే కండె అయిపోయిందని. రెండు ముంజేతులు తల మీద అడ్డంగా పెడితే, ఉన్నపళంగా ఆపమని. ఎంతటి పనిలో ఉన్నా ఆ చివరి సైగ కంటబడితే మనిషి ఆలోచించకుండా చెయ్యి వెనక్కి లాక్కునేవాడు, ఎందుకంటే అది చేతులూ వేళ్లూ పోయే సందర్భాల్లో వాడే సైగ. నేను రొట్టె తీసుకుపోతూ పోతూ ఆ సైగలన్నీ నేర్చుకున్నాను. ఇంటికి వచ్చాక కూడా బాపు ఎదుటివాళ్ల ముఖం మీంచి చూపు తిప్పేవాడు కాదు. చుట్టాలు దాన్ని మర్యాద అనుకుని మురిసిపోయేవాళ్లు. మా బావ ఎంత ఓపికగా వింటాడో చూడండి అని కోరుట్లలో మా మేనమామ తన ఇంటికొచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు.

అవ్వ మాత్రం మురిసిపోలేదు. ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది అవ్వ. చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి, కళ్లూ చెవులూ ఇల్లంతా కాపలా కాసేవి. ఒకసారి నేను కొత్త పట్టీలు పెట్టుకుని బాపు వెనక నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగాను, మెచ్చుకుంటాడని. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. నేను అలిగాను. అవ్వ బీడీకి దారం చుడుతూ ఆగిపోయింది. ఆ తర్వాత నుంచి ఆమె రహస్యంగా పరీక్షలు మొదలుపెట్టింది. ఆయన వెనక గాజులు కదిపేది. వానాకాలం సాయంత్రం కీచురాళ్లు చెవులు తూట్లు పొడుస్తుంటే, “ఏమన్న సప్పుడస్తుందా?” అని అడిగేది. ఆయన “ఏం సప్పుడు?” అనేవాడు. అదే తలుపు కొడితే, గొడ్డు అరిస్తే, వీధి చివర డప్పు మోగితే ఆమె కంటే ముందే తల తిప్పేవాడు. అవ్వకు ఏది నమ్మాలో తెలిసేది కాదు.

నా చదువు కోరుట్లలో, మామ ఇంట్లో ఉండి. అక్కడ మాకు సైన్సు చెప్పిన సారు పేరు కరీం. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, కోపమొస్తే రెండూ. లెక్కలు తప్పు చేస్తే ఏమీ అనేవాడు కాదు గానీ, లాబులో వస్తువును మోటుగా పట్టుకుంటే ఊరుకునేవాడు కాదు. మా లాబు అంటే రెండు బీరువాలూ ఒక పొడుగు బల్లా. అందులో ఆయన ప్రాణమంతా ఒక చెక్కపెట్టెలో ఉండేది. ఎర్ర మఖమలు మీద ఎనిమిది శృతిదండాలు, పొడుగు నుంచి పొట్టికి వరసగా. పొడుగుదాని మీద 256 అని అచ్చుగుద్ది ఉండేది, అంటే సెకనుకు అన్ని కంపనాలని. ఆఖరి పొట్టిదాని మీద 512. ఆయన ఒకదాన్ని రబ్బరు దిమ్మకు కొట్టి గాలిలో పట్టుకుంటే చివరి బెంచీకి ఏమీ వినిపించేది కాదు. కాడను బల్లకు ఆనిస్తే బల్లంతా గొంతెత్తేది. చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా తిప్పమనేవాడు. ఒక చుట్టులో నాలుగుసార్లు సప్పుడు మాయమై మళ్లీ వచ్చేది. రెండు కొమ్ములు దగ్గరికీ దూరానికీ కదులుతూ పంపే అలలు ఆ నాలుగు దిక్కుల్లో ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయని చెప్పి, మోగుతున్న కొమ్ములను నీళ్ల గ్లాసులో ముంచి మా ముఖాల మీద తుంపర కొట్టేవాడు. ఆయన ముఖంలో నవ్వు చూడగలిగింది అప్పుడు మాత్రమే.

దాని పుట్టుక కూడా ఆయనే చెప్పాడు. ఇంగ్లండు రాజుల కొలువులో బాకా ఊదే మనిషొకడు అప్పటికి రెండు వందల యాభై ఏళ్ల నాడు దీన్ని మొదట చేశాడట. అంతకుముందు వాద్యాలను శృతి చేయడానికి చెక్క పిల్లనగ్రోవి లాంటిది ఊదేవాళ్లట, అది ఎండకొక తీరు, చలికొక తీరు పలికేదట. ఉక్కు పెద్దగా మాట మార్చదు. అందుకని పాటగాళ్లు, హార్మోనియం బాగుచేసేవాళ్లు దీన్నే నమ్ముకున్నారు. తర్వాత డాక్టర్ల చేతికి వెళ్లింది. “చెవి వెనక బొక్కకు, అంటే ఎముకకు, పెడితే చెవుడు ఎక్కడుందో తెలుస్తది. ఇది అబద్ధం చెప్పదు బేటీ. మనం చెప్తం, ఇది చెప్పదు” అన్నాడు. ఆ మాట నేను నోట్సులో రాసుకున్నాను. ఆ వయసులో నాకు అబద్ధం చెప్పని వస్తువు ఒకటి దొరకడం చాలా గొప్పగా అనిపించింది.

ఆ ఏడే తెలంగాణ గొడవ మొదలైంది. మొదట్లో మాకది సెలవుల పండగ. పైతరగతి మగపిల్లలు తరగతి తరగతికీ వచ్చి బయటికి రమ్మనేవాళ్లు, మేం బయటికి వచ్చేవాళ్లం, రోడ్డు మీద జై తెలంగాణ అని అరిచి ఇంటికి పోయి అన్నం తినేవాళ్లం. తర్వాత కొందరు పిల్లలు జైలుకు పోయారు. బస్సులు ఒకరోజు నడిస్తే రెండు రోజులు ఆగేవి. బళ్లు ఎప్పుడు తెరుస్తారో ఎవరికీ తెలియదు. మా బడిలో పోలీసుల బలగం దిగబోతోందని తెలిసిన రోజు కరీం సారు లాబులో నిలబడి బీరువాల వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆ గదిలో వాళ్లు వంట చేసుకుంటారో, పడుకుంటారో ఆయనకు తెలియదు, అడిగే హక్కూ లేదు. తనకు నమ్మకమున్న ఏడెనిమిది మంది పిల్లలను పిలిచి వస్తువులు పంచాడు. ఒకరికి త్రాసు, ఒకరికి పట్టకాలు, ఒకరికి అయస్కాంతాలు. దండాలను కూడా తలొకటి ఇచ్చాడు, పెట్టె పెట్టెగా పోకూడదని. నన్ను మొదట ఎంచుకోమన్నాడు. నేను పొడుగుది తీసుకున్నాను, ఎక్కువసేపు మోగుతుందని. “ఇనుముకు, రాయికి కొట్టొద్దు. మోకాలికి కొట్టు. మల్ల బడి తెరిచినప్పుడు ఇట్లనే తీసుకరా” అన్నాడు. నేను దాన్ని లంగా మడతలో పెట్టుకుని సిరిసిల్ల బస్సెక్కాను.

ఇంట్లో దాన్ని చూసి అవ్వ పట్టుకారు అనుకుంది, కుంపట్లో నిప్పులు తీసుకోవడానికి పనికొస్తుందని ముచ్చటపడింది. అది చెవులను చూసే పనిముట్టు అని చెప్పడంతో ఆమె చేతిలో బీడీ ఆగిపోయింది. అప్పటికి ఆ ఇంట్లో వాదన ముదిరి ఉంది. బాపును సాంచలు మాన్పించి కోరుట్లలో తన తమ్ముడి కిరాణా దుకాణంలో కూర్చోబెట్టాలని అవ్వ పట్టుదల. “చెవులు పోతే ఊకోదు, చెయ్యి గూడ పోతది. సాంచ పట్టా జారే సప్పుడు ఇనకపోతే ఎట్ల?” అనేది. బాపు లొంగేవాడు కాదు. “నా చెవులు మంచిగనే ఉన్నయ్. సాంచ మీద నేను మనిషిని. మీ తమ్ముని దుకాణంల ఉత్త బావను” అనేవాడు. ఇద్దరి మాటలోనూ న్యాయముంది. నేనిప్పుడు ఆ వయసులన్నీ దాటి వచ్చాక చెబుతున్నాను, ఇద్దరిదీ భయమే.

“అయితే బిడ్డనే జూడుమను. చదువుకుంటుంది గద” అంది అవ్వ. “జూస్తె జూడనియ్. అది ఏదంటే అదే. పోయినయంటే రేపే సాంచ ఇడిశిపెడ్త” అన్నాడు బాపు. ఆ మాట అనగానే ఇద్దరూ నా వైపు చూశారు. పెద్దవాళ్ల బతుకు ఒక నిర్ణయం కోసం నా ముందు చేతులు కట్టుకుని నిలబడడం అదే మొదలు. నాకు భయం వేసిందని రాస్తే బాగుంటుంది గానీ, వేయలేదు. గర్వం వేసింది.

కరెంటు లేక షెడ్లన్నీ ఆగిపోయిన ఒక పొద్దున పరీక్ష పెట్టాను. బాపు పెదాలు చదువుతాడని నాకు తెలుసు గనుక ఆయన్ను గోడవైపు తిప్పి కూర్చోబెట్టాను. సప్పుడు వినిపిస్తే వేలు ఎత్తాలి, ఆగిపోతే దించాలి. మోకాలి చిప్పకు కొట్టి కుడిచెవి దగ్గర పెట్టాను. వేలు లేచింది. సప్పుడు సన్నగిల్లి సన్నగిల్లి పోయాక వేలు దిగింది. వెంటనే దాన్ని నా చెవి దగ్గర పెట్టుకుని విన్నాను, నాలుగైదు ఊపిర్లసేపు నాకు ఇంకా వినిపించింది. నాది పడుచు చెవి, ఆయనది నడివయసు చెవి, ఆ మాత్రం తేడా ఉంటుందిలే అనుకున్నాను. ఎడమచెవి కూడా అంతే. ఊహించి ఎత్తుతున్నాడేమోనని రెండుసార్లు దండాన్ని కొట్టకుండానే ఉత్తగా చెవి దగ్గర పెట్టాను. రెండుసార్లూ వేలు లేవలేదు. అవ్వ అవతల చాట పట్టుకుని కూర్చుని ఉంది గానీ, నేను కొట్టినదేదో కొట్టనిదేదో ఆమెకు అక్కడినుంచి తెలియదు. ఇంత పకడ్బందీ పరీక్ష నేను నా ఉద్యోగంలో కూడా ఎప్పుడూ చేయలేదు.

“మంచిగున్నయ్ అవ్వా. ఇసుమంత గూడ ఖరాబు కాలే” అన్నాను.

“మరి పట్టీల సప్పుడెందుకు ఇనవడలేదే?”

“ధ్యాస లేక.”

అవ్వ నా చేతిలోని ఉక్కును కొంచెంసేపు చూసింది. “చదువుకున్నదానివి, నువ్వు జెప్తే సరే” అని మళ్లీ చాట ఒళ్లోకి లాక్కుంది. బాపు గోడవైపు నుంచి తిరిగి నా తల మీద చెయ్యి పెట్టాడు. ఆ రోజు ఆయన ముఖంలో కనబడిన నిమ్మళం తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కొన్నాళ్లకు పరీక్షలు పెడతారన్న పుకారు విని నేను కోరుట్ల తిరిగి వెళ్లాను. పరీక్షలూ లేవు, ఏమీ లేవు. ఊరేగింపులు ఎక్కువయ్యాయి, రాళ్లూ లాఠీలూ మొదలయ్యాయి. ఇంకో ఊళ్లో కాల్పులు జరిగాయని ఎవరో అంటే, అది సిరిసిల్ల చేరేసరికి కోరుట్లలోనే జరిగాయని అయింది. అవ్వ ఏడ్చి బాపును పంపింది, నన్ను తీసుకురమ్మని. చందుర్తి దాకా ఒక లారీ, అక్కడి నుంచి ఏది దొరికితే అది పట్టుకుని ఆయన కోరుట్ల చేరాడు. నాకా సంగతి తెలియదు. మధ్యాహ్నం అన్నాలు తిని నేను మామ ఇంటి గుమ్మం మెట్ల మీద నిలబడి వీధిలో పోతున్న ఊరేగింపు చూస్తున్నాను. డప్పులు మోగుతున్నాయి, పిల్లలు పాడుతున్నారు. అవతలి కొస నుంచి పోలీసులు వరసగా వచ్చారు. ఈలలు మోగాయి. ఒకటి కాదు, పది దాకా ఉంటాయి. ఆ ఈల అర్థం అప్పటికి కోరుట్లలో కుక్కలకు కూడా తెలుసు. జనం రెండు పాయలై సందుల్లోకి పరుగెత్తారు. డప్పులు ఆగిపోయాయి.

వీధి ఖాళీ అయ్యాక నడుమ ఒక్క మనిషి మిగిలాడు. చంకలో సంచీ, తెల్ల ధోవతి. మా బాపు. పోలీసులు ఆయన వెనక ఉన్నారు. జనం ఎందుకు పరుగెత్తారో తెలియక అటూ ఇటూ చూస్తున్నాడు, డప్పు ఎందుకు ఆగిందా అన్నట్టు. అంతలో నేను కనిపించాను. నవ్వాడు. నవ్వుతూ తాపీగా నా వైపు నడవసాగాడు. వెనక ఈలలు చెవులు చిల్లులు పడేలా మోగుతూనే ఉన్నాయి. నేను “ఉర్కు బాపూ, ఉర్కు” అని గొంతు చించుకున్నాను. ఆడపిల్ల గొంతు, అందులోనూ కీచుగా. ఆయన నన్నే చూస్తున్నాడు గానీ అంత దూరం నుంచి పెదాలు అందలేదు. ముంజేతులు తల మీద అడ్డంగా పెట్టి ఉంటే చాలు, షెడ్డులో అలవాటైన మనిషి అదిరిపడి ఆగి వెనక్కి చూసేవాడు, కనీసం పక్కకు తప్పుకునేవాడు. నాకు ఆ సైగ గుర్తుకు రాలేదు. ఎందుకు వస్తుంది? ఆయన చెవులు బాగున్నాయని తేల్చింది నేనే. వినిపిస్తుందన్న నమ్మకంతో అరుస్తూనే ఉన్నాను. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోదానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

కుడి మోచెయ్యి విరిగింది. మామ ఎడ్లబండి కట్టించి కొంతదూరం, తర్వాత ఎవరినో బతిమాలి జీపులో, జగిత్యాల దవాఖానకు తీసుకుపోయాం. పెద్ద డాక్టరు ఎముక సర్ది కట్టు కట్టాడు. కడుతున్నంతసేపూ ఆయన బాపు ముఖాన్ని గమనిస్తూ ఉన్నాడు. కట్టు అయ్యాక నోటికి తన చెయ్యి అడ్డం పెట్టుకుని ఏదో అడిగాడు. బాపు బదులు చెప్పలేదు. డాక్టరు లోపలికి పోయి ఒక తోలుసంచీ తెచ్చాడు. అందులో అయిదు శృతిదండాలున్నాయి. పెద్దది మాది లాంటిదే, ఆఖరిది మాత్రం నా వేలంత కూడా లేదు. వినిపిస్తే వేలు ఎత్తమని చెప్పి బాపును కళ్లు మూసుకోమన్నాడు. మొదటి రెండింటికీ వేలు లేచింది. మూడోదానికి లేచింది. నాలుగోదాన్ని రెండుసార్లు గట్టిగా కొడితే లేచీ లేవనట్టు లేచింది. అయిదోదాన్ని కొట్టినప్పుడు సూదిలాంటి సప్పుడు గది అవతల గుమ్మం దగ్గర నిలబడ్డ నాకు కూడా గుచ్చుకుంది. బాపు వేలు దుప్పటి మీద అలాగే ఉంది. ఎప్పుడు మోగిస్తారా అని ఆయన ఎదురుచూస్తున్నాడు.

“సాంచల మీద ఎన్నేండ్లు జేసినవయ్యా?” అని ఆయన కళ్లు తెరిచాక అడిగాడు డాక్టరు.

“భీవండివి గూడ కలిపితే పద్దెనిమిది.”

“సాంచ సప్పుడు చెవిని ఒక్కపారే తినది. సన్న సప్పుళ్లను ముందు తింటది. పిట్ట కూత, ఈల, ఆడపిల్లల గొంతు. దొడ్డు సప్పుళ్లు ఆఖరుకు పోతయ్. అందుకే మనిషికి తన చెవులు మంచిగున్నయనే అనిపిస్తది.”

నేను మంచం దగ్గరికి వచ్చాను. రెండు వందల యాభై ఆరుతో నేను ఇంట్లో చూశాననీ, బాగా వినిపించిందనీ చెప్పాను. మా బడి పెట్టెలో ఉన్న అన్నిటికంటే పొట్టిదాని మీద కూడా 512 అనే ఉందని చెప్పాను. డాక్టరు కోప్పడలేదు. “అవన్నీ దొడ్డు సప్పుళ్లే బిడ్డా. అవి పాఠం చెప్పేతందుకు. అవే ఉంటే నువ్వు మాత్రం ఏం జేస్తవ్” అన్నాడు. తిట్టి ఉంటే ఏడ్చేదాన్ని. చేయడానికి ఏమీ లేకపోయిందన్నప్పుడు ఏడుపు కూడా రాదు. చాలా ఏళ్ల తర్వాత, ఉద్యోగంలో చేరాక, ఇంకొకటి తెలిసింది. అదే దండాన్ని రాయికి కొట్టి ఉంటే మొదట టింగుమని ఒక సన్న మోత, ఆ తర్వాత అసలు సప్పుడు వచ్చేవి. మొదటిది బాపుకు వినిపించి ఉండేది కాదు, అప్పుడు వేలు లేవకపోవడం చూసి నాకు అనుమానం తగిలేదేమో. సారు చెప్పినట్టు ఒద్దికగా మోకాలికే కొట్టాను. శ్రద్ధగా చేసినందుకే తప్పయింది.

మర్నాడు అవ్వ వచ్చింది. బాపు కట్టు చూసింది, మామ చెప్పింది వింది, డాక్టరు చెవుల గురించి ఏమన్నాడో వింది. తర్వాత నా వైపు తిరిగి, “నువ్వు జూస్తివి గదనే. మంచిగున్నయంటివి. నీ మాట మీదనే గద నేను ఊకున్న” అంది. గట్టిగా కూడా అనలేదు. దండం సంగతి, సన్న సప్పుళ్ల సంగతి ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో తెలియలేదు. నేను నోరు తెరిచేలోగా బాపు మంచం మీద నుంచి అన్నాడు, “దాన్ననకు. నాకు ఇనవడలే. ఉత్తగనే వేలు లేపిన. సాంచ ఇడిశిపెట్టుమంటవని.”

అవ్వ ఆయన వైపు చూసింది. ఆ చూపు నేను ఇంతకుముందెప్పుడూ చూడలేదు, తర్వాత మాత్రం ఏళ్ల తరబడి చూశాను. “కన్నబిడ్డను గూడ మోసం జేస్తివా” అంది. బాపు తల దించుకున్నాడు.

అది నిజం కాదని ఆ గదిలో ఇద్దరికే తెలుసు. దండాన్ని కొట్టకుండా పెట్టిన రెండుసార్లూ వేలు లేవలేదు. కొట్టిన ప్రతిసారీ లేచింది, సరిగ్గా సప్పుడు చచ్చిపోయినప్పుడు దిగింది. విన్నవాడు మాత్రమే అలా చేయగలడు. ఆ ముక్క నేను అప్పుడే అవ్వకు చెప్పి ఉండొచ్చు. సిరిసిల్ల తిరిగి వెళ్లాక, మోచెయ్యి వంగక ఆయన సాంచ దగ్గర నిలబడలేక, ఇంట్లో కూర్చుని ఎడమచేత్తో కండెలు చుట్టడం మొదలుపెట్టినప్పుడు చెప్పొచ్చు. అవ్వ ఆయనకు గిన్నె ముందు పెట్టి మాట లేకుండా లేచిపోయిన రోజుల్లో ఎప్పుడైనా చెప్పొచ్చు. ఒకసారి చెప్పబోయాను కూడా. ఇంట్లో ఎవరూ లేనప్పుడు బాపు ఎదుట కూర్చుని, ఆయనకు పెదాలు కనబడేట్టు, “అవ్వకు నిజం జెప్త” అన్నాను. “ఊకో. నీకింక చదువుండె. గా మాట అవ్వ నోట్లె బడితె జన్మంత నీ మీద ఉంటది. నా మీదుంటే ఏంది, నాకెట్లాగూ సగమే ఇనవడుతది” అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. కానీ ఊరుకున్నాను. ఊరుకోవడం సులువుగా ఉంది, అందుకని ఊరుకున్నాను.

బళ్లు తెరిచాక దండాన్ని కరీం సారుకు అప్పగించాను. ఎనిమిదింటిలో ఆరు తిరిగొచ్చాయి. మా చదువు ఒక ఏడు వెనకబడింది. నేను సైన్సే చదివి, సైన్సే చెప్పి, ఈ జిల్లాలో ఊరూరా తిరిగాను, గొల్లపల్లిలో కూడా కొన్నాళ్లు చేశాను. ప్రతి ఏడూ ధ్వని పాఠం వచ్చేది. ప్రతి ఏడూ పిల్లలకు కొమ్ముల కంపనం, నీళ్ల తుంపర, నాలుగు మౌన దిక్కులు చూపించి, చివర్న బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసేదాన్ని, ఒక దండం ఒక్క సప్పుడు గురించే చెబుతుంది, మిగతావాటి గురించి దానికి తెలియదు అని. పరీక్షలో రాదు కదా మేడం అనేవాళ్లు. రాదు అనేదాన్ని. ఇప్పుడు చెవులు చూడడానికి గాజు గది, కంప్యూటరు గీసే గీతలు వచ్చాయి. ఫోనులోనే చూసుకోవచ్చని మా మనవరాలు అంటుంది. ఆ మధ్య సిరిసిల్లలో ఒక షెడ్డుకు వెళ్లి, సాంచల మీద పనిచేసే కుర్రవాడికి చెవుల్లో పెట్టుకునే బిరడాలు ఇవ్వబోతే, “మాకేం గాలే మేడం, మంచిగనే ఇనవడుతుంది” అన్నాడు. మాట్లాడుతున్నంతసేపూ నా పెదాల మీంచి చూపు తిప్పలేదు. నేను ఆ బిరడాలు అక్కడే కిటికీలో పెట్టి వచ్చాను. పెట్టుకుంటాడన్న ఆశ లేదు, అలాగని ఇంటికి పట్టుకురాబుద్ధి కాలేదు.

బాపు మలి ఉద్యమం చూడలేదు. అవ్వ చూసింది. అప్పటికి ఆమెకు ఎనభై దాటాయి, నా దగ్గర జగిత్యాలలోనే ఉండేది. రోడ్ల మీద వంటలు చేసుకుంటున్న జనాన్ని, డప్పులను, గుమ్మంలో కుర్చీ వేసుకుని చూసేది. తెలంగాణ వచ్చిందన్న కబురు చెబితే “గప్పుడు బోయిన చెయ్యికి గిప్పుడా” అని ఊరుకుంది. ఆ తర్వాత రెండు చలికాలాలు గడిచాయి. ఆఖరి రోజుల్లో ఆమె మాట సన్నబడింది, దగ్గరికి వంగి వినాల్సి వచ్చేది. ఒక సాయంత్రం నేను గంజి తాగించి మూతి తుడుస్తుంటే నా చెయ్యి పట్టుకుంది. బాపు పోయిన ఇన్నేళ్లలో ఆ సంగతి ఆమె ఎత్తలేదు.

“మీ బాపు నిన్ను అడ్డం పెట్టుకోని నాకు అబద్ధం జెప్పిండు బిడ్డా. గది నేను చానేండ్లు కడుపుల పెట్టుకున్న. ఆయనతోని మంచిగ మాట్లాడకనే పంపిచ్చిన” అంది. కొంచెంసేపు ఊపిరి తీసుకుంది. “ఇప్పుడు మాఫ్ జేసిన. నువ్వు గూడ మాఫ్ జెయ్యి.”

చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఇక రాదని నాకు తెలుసు. ఆమె చెవులు ఆఖరిదాకా పిట్టకూత కూడా వినేవి. నేను ఎంత మెల్లగా చెప్పినా ఆమెకు వినిపించేది.

“చేసిన అవ్వా” అన్నాను.